పాత కార్ల హబ్ పుల్లర్ సెట్: పట్టు భేష్, సూచనల పత్రం మాత్రం సగమే

తీర్పు ముందే చెప్పేస్తాను. పాతకాలపు కార్ల వెనుక హబ్బులు, అంటే ఇరుసు కొసన కూర్చుని చక్రాన్ని మోసే నడిమి భాగాలు, ఊడదీయడానికి ఈ పుల్లర్ సెట్ కొనదగ్గదే. హబ్బును పట్టుకోవలసిన చోటే పట్టుకుంటుంది, తిన్నగా లాగుతుంది, బ్రేకు డ్రమ్ము జోలికి పోదు. నా ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. పెట్టెలో ఉండకూడని వస్తువు ఒకటి ఉంది. ఉండవలసిన సమాచారం లేదు: సూచనల పత్రం హబ్బు చేతికి రాగానే ముగిసిపోతుంది, దాన్ని మళ్లీ ఎక్కించడం గురించి ఒక్క ముక్కా చెప్పదు. అసలు జాగ్రత్తంతా అక్కడే కావాలి కాబట్టి, పత్రం వదిలేసిన భాగాన్ని కూడా నేను ఇక్కడే రాస్తున్నాను.

నేను చాలాకాలం లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) మీద పనిచేశాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవన్నీ పాత కార్లే. ఎక్కువగా ఫోర్డ్ మోడల్-ఎ, అప్పుడప్పుడు మోడల్-టి, ఆస్టిన్ సెవెన్. ఏ పనిముట్టు చేతికి వచ్చినా ముందు దాని థ్రెడ్ (మర చుట్లు) చూడటం నాకు అలవాటు. తయారీదారు పేరు రాయడం లేదు. ఇదే నమూనా సెట్లు రకరకాల పేర్లతో వస్తాయి. పేరు చూసి కొనడం కంటే నేను చెప్పబోయే చోట్ల వేలు పెట్టి చూసి కొనడం మేలు.

కొత్త కార్లు మాత్రమే విప్పినవాళ్లకు ఈ పనిముట్టు అవసరం వెంటనే అర్థం కాదు. ఇప్పటి కార్లలో చక్రం తీశాక డ్రమ్మును రెండు చేతులతో లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది. ఆ కాలపు కార్లలో చాలావాటికి వెనుక ఇరుసు చివర శంకువులా సన్నబడుతుంది. హబ్బు లోపలి రంధ్రానికీ అదే వాలు ఉంటుంది. ఆ వాలునే టేపర్ అంటారు. ఇరుసు కొసన ఉన్న కాజిల్ నట్టును (తల మీద గాడులున్న నట్టు) బిగించినకొద్దీ హబ్బు ఆ టేపర్ మీదికి ఎక్కి కరుచుకుంటుంది. అప్పటి ఇరుసుల్లో తరచు కనిపించే 1:8 టేపర్‌నే తీసుకోండి. ప్రతి 8 మిల్లీమీటర్ల పొడవుకూ వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గుతుంది. ఇరుసు నడిగీతతో పోలిస్తే ఆ వాలు సుమారు 3.6 డిగ్రీలు. పొడిగా ఉన్న ఉక్కు మీద ఉక్కు దానంతటదే జారాలంటే ఇంతకు రెట్టింపు వాలు ఉన్నా చాలదు. అందుకే నట్టు పూర్తిగా తీసేసినా హబ్బు అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా కదలదు. దశాబ్దాల తుప్పు తోడైతే ఆ పట్టు ఇంకా మొండికేస్తుంది.

ఇంజను బలాన్ని చక్రానికి చేర్చేది కూడా ఈ పట్టే. హబ్బుకూ ఇరుసుకూ మధ్య గాడిలో ఉన్న కీని (చిన్న ఉక్కు ముక్క) చూసి, భారమంతా అదే మోస్తుందని చాలామంది అనుకుంటారు. టేపర్ సరిగా కూర్చున్నంతకాలం కీకి పెద్దగా పని ఉండదు. టేపర్ పట్టు సడలిన రోజున బలమంతా కీ మీద పడుతుంది. అప్పుడు కీ తెగిపోతుంది, లేదా కీ గాడి మూల నుంచి ఇరుసుకు పగులు పుడుతుంది. ఆస్టిన్ సెవెన్ నడిపేవాళ్లకు వెనుక ఇరుసు విరగడం బాగా తెలిసిన జబ్బే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, పుల్లర్‌లో ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మార్కెట్లో సులువుగా దొరికేది రెండు కాళ్ల, మూడు కాళ్ల పుల్లర్. దాని కొక్కేలను డ్రమ్ము అంచుకు తగిలించి నడిమి స్క్రూ తిప్పుతారు. గేర్లు, పుల్లీలు తీయడానికి అది మంచి పనిముట్టే, నా దగ్గరా ఉంది. టేపర్ హబ్బుకు మాత్రం దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. పట్టు ఉన్నది నడుమ, లాగుతున్నది అంచున. మధ్యలో ఉన్న రేకు లేదా పోత ఇనుము ఆ బలానికి వంగాలి, లేదా పగలాలి. మోడల్-ఎ అసలు డ్రమ్ములు అచ్చొత్తిన ఉక్కువి, అవి గొడుగులా వెనక్కి తిరుగుతాయి. పోత ఇనుప డ్రమ్ము అయితే చిన్న పగులుతో మొదలవుతుంది. వంకర తిరిగిన డ్రమ్మును లేత్ మీద ఎక్కించి డయల్ గేజ్ పెట్టి చూస్తే, దాని సూది ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. దాన్ని సరిచేయాలంటే లోపలి లోహాన్ని కోయాలి. కోసినకొద్దీ డ్రమ్ము పలచబడుతుంది.

ఆ కాలపు తయారీదారులకు ఇది తెలుసు. అందుకే హబ్బును లాగడానికి హబ్బు మీదనే చోటు ఏర్పాటుచేశారు. మోడల్-టి హబ్బు బయటి కొసన మూత బిగించే థ్రెడ్ ఉంటుంది. పుల్లర్ రింగు ఆ థ్రెడ్ మీదనే ఎక్కుతుంది. మోడల్-ఎ హబ్బు చుట్టూ ఒక గాడి ఉంటుంది. రెండు ముక్కల క్లాంపు ఆ గాడిలో కూర్చుని హబ్బును చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. 1908 నుంచి 1927 వరకు మోడల్-టి కార్లు కోటిన్నర దాకా తయారయ్యాయి. ఆ తర్వాత 1931 వరకు మోడల్-ఎ. అంత పెద్ద సంఖ్యలో తిరిగాయి కాబట్టే వాటికి సరిపడే పుల్లర్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి.

ఇక సెట్ సంగతి. పెట్టెలో నడిమి స్క్రూ ఉన్న ఒక దిమ్మ, లోపల థ్రెడ్ ఉన్న మూడు రింగులు, మోడల్-ఎ కోసం రెండు ముక్కల క్లాంపు, స్క్రూ కొసకు తొడిగే ఇత్తడి బిళ్ల, చివరగా మూసిన నట్టు లాంటి ఒక దిమ్మె ఉన్నాయి. ఈ చివరి వస్తువు గురించి తర్వాత చెబుతాను.

నడిమి స్క్రూ ముప్పావు అంగుళం వ్యాసం, సన్న థ్రెడ్. థ్రెడ్ పార్శ్వాలు నున్నగా ఉన్నాయి, గోరు పెట్టి లాగితే ఎక్కడా గరుకు తగలదు. దిమ్మలో ఆ స్క్రూ కరుచుకునే పొడవు దాని వ్యాసానికి రెండింతలు ఉంది. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. చౌకరకం పుల్లర్లలో ఈ పొడవు ఒక నట్టు మందం మాత్రమే ఉంటుంది. అవి మొదటి మొండి హబ్బుకే థ్రెడ్ ఒలిచేసుకుంటాయి. ఇలాంటి స్క్రూ మీద 100 ఫుట్-పౌండ్ల టార్క్ (తిప్పే బలం) పెడితే, అంటే సుమారు 136 న్యూటన్-మీటర్లు, కొస దగ్గర మూడు నాలుగు టన్నుల తోపు పుడుతుంది. అంత బలాన్ని మోసే థ్రెడ్ పొడవుగా ఉండాలి, దాని మీద గ్రీజు ఉండాలి. పొడిగా తిప్పితే మన కండబలంలో చాలా భాగం రాపిడికే పోతుంది.

ఇత్తడి బిళ్ల చూడటానికి చిన్నదే. పెట్టెలో నేను ముందుగా వెతికింది దాన్నే. ఇరుసు కొస మధ్యలో ఒక చిన్న గుంట ఉంటుంది. ఇరుసును మొదట తయారుచేసినప్పుడు లేత్ మీద రెండు కొసల మధ్య నిలిపింది ఆ గుంటతోనే. రేపు ఆ ఇరుసు వంకర చూడాలన్నా, టేపర్‌ను మళ్లీ సానపట్టాలన్నా ఆ గుంటే ఆధారం. కొన్ని పుల్లర్లకు స్క్రూ కొస మొనదేలి ఉంటుంది. ఆ మొన గుంటలో దిగి దాన్ని చిదిమేస్తుంది. ఇరుసు చూడటానికి బాగానే ఉంటుంది, లేత్ మీద మాత్రం ఇక తిన్నగా తిరగదు. ఈ సెట్లోని బిళ్ల గుంటను తాకకుండా దాని చుట్టూ ఉన్న చదును భాగం మీద ఆనుతుంది. పైగా స్క్రూ తిరిగినా బిళ్ల తిరగదు కాబట్టి ఇరుసు కొస గీతలు పడదు. దీన్ని ఆలోచించి పెట్టినవాళ్లు ఎవరో లేత్ పని తెలిసినవాళ్లే.

రింగుల విషయంలో అంత సంతోషంగా లేను. థ్రెడ్ కొలత సరిగానే ఉంది, గేజ్ పెట్టి చూశాను. అంచుల్లో బర్ర (కోసినప్పుడు మిగిలే గరుకు ముళ్లు) అలాగే వదిలేశారు. హబ్బు మీద మూత థ్రెడ్ ఎప్పుడూ పలచగా ఉంటుంది, ఎన్నో ఏళ్లుగా సుత్తి దెబ్బలు, పట్టకారు గాట్లు తిని ఉంటుంది. బర్ర ఉన్న రింగును దాని మీద ఎక్కిస్తే మొదటి చుట్టే అడ్డం పడుతుంది. సన్న ఆకురాయితో రింగు అంచులను నేనే నునుపు చేసుకున్నాను. హబ్బు థ్రెడ్‌ను కూడా వైరు బ్రష్షుతో, థ్రెడ్ ఫైలుతో శుభ్రం చేశాకే రింగు ఎక్కించాలి. రింగు పూర్తిగా లోపలిదాకా చేతివేళ్లతోనే ఎక్కాలి. రెండు మూడు చుట్లు ఎక్కి ఆగిపోతే అక్కడితో సరిపెట్టుకోకూడదు. ఆ రెండు చుట్ల మీద టన్నుల బలం పెడితే థ్రెడ్ ఒలిచిపోతుంది, ఆ తర్వాత హబ్బును సరిగా పట్టుకునే చోటంటూ ఉండదు.

మోడల్-ఎ మీద ఇది పనిచేసే తీరు చెబుతాను. చక్రం నేల మీద ఉండగానే కాజిల్ నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ను తీసి, నట్టును వదులు చేసుకోవాలి. కారును జాకీ మీద లేపాక అంత పొడవు పానా వేసి గుంజడం ప్రమాదం. తర్వాత ముందు చక్రాలకు అడ్డు పెట్టి, కారును స్టాండ్ల మీద నిలిపి, చక్రం విప్పాలి. చేతిబ్రేకు వదలాలి, బ్రేకు సర్దుబాటునూ వెనక్కి తిప్పి బ్రేకు షూలను డ్రమ్ము నుంచి లోపలికి జరగనివ్వాలి. వాడిన డ్రమ్ములో షూ ఆడే చోటు అరిగి, అంచున గట్టు మిగిలి ఉంటుంది. షూలు ఆ గట్టుకు తగులుకుంటే, హబ్బు టేపర్ వదిలినా డ్రమ్ము బయటికి రాదు.

నట్టును పూర్తిగా తీసేయకూడదు. దాని ముఖం ఇరుసు కొసతో సమంగా వచ్చేవరకు వెనక్కి తిప్పి వదిలేయాలి. ఇందుకు రెండు కారణాలు. ఇరుసు థ్రెడ్‌కు అది కవచం. హబ్బు వదిలే క్షణంలో బయటికి దూకకుండా అదే ఆపుతుంది. కొన్ని పుల్లర్ల లోపల నట్టుకు చోటే ఉండదు. ఈ సెట్ క్లాంపులో ఆ ఖాళీ సరిపడా ఉంచారు. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ము చుట్టూ ఉన్న ధూళిని గాలితో ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

క్లాంపు రెండు ముక్కలనూ గాడిలో కూర్చోబెట్టి బోల్టు బిగించాక, టార్చి వేసి చుట్టూ చూస్తాను. గాడి అంచుకూ క్లాంపు పెదవికీ మధ్య ఎక్కడా సందు కనిపించకూడదు. ఒకవైపు సందు ఉంటే లాగుడు వంకరగా పోతుంది. స్క్రూకు గ్రీజు పూసి, బిళ్ల తొడిగి, ముందు చేతితో, తర్వాత పానాతో బిగిస్తాను. పానా బాగా బరువెక్కిన చోట ఆగిపోతాను. ఇంకా బలవంతంగా తిప్పకుండా, స్క్రూ తల మీద మధ్యస్థమైన సుత్తితో ఒకే ఒక్క దెబ్బ, తిన్నగా. మళ్లీ పానా పెడితే పావు చుట్టు వస్తుంది. మళ్లీ ఆగుతాను. లాగుడు మీద ఉన్న టేపర్‌కు దెబ్బ అదురు తగిలితే తుప్పు పొర విడిపోతుంది. హబ్బు నెమ్మదిగా జారుతూ రాదు. పెద్ద చప్పుడుతో ఒక్కసారిగా వదులుతుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందనే అనుకుంటారు. ఆ చప్పుడు తర్వాత స్క్రూ చేతివేళ్లకే వదులుగా తిరుగుతుంది, హబ్బు వెళ్లి నట్టుకు ఆనుకుని నిలబడుతుంది. మోడల్-ఎలో వెనుక బేరింగు హబ్బు లోపలే ఉండి ఇరుసు గొట్టం బయటి ముఖం మీద తిరుగుతుంది. కాబట్టి హబ్బుతో పాటు అదీ వచ్చేస్తుంది. ఆ గొట్టం మీద రోలర్లు తిరిగిన చోట గుంటలు పడ్డాయేమో, పెచ్చులు లేచాయేమో అప్పుడే చూసుకోవాలి.

అన్ని హబ్బులూ ఇంత మర్యాదగా రావు. రానప్పుడు స్క్రూను ఆ బిగువులోనే ఉంచి, టేపర్ కొస దగ్గర తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా అలాగే వదిలేయడం అన్నిటికన్నా మంచి మందు. ఎవరూ లేనప్పుడు హబ్బు దానంతటదే వదిలిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆ నట్టు అక్కడ ఉండటం మరీ ముఖ్యం. వేడి పెట్టాలనుకుంటే హబ్బు నడిమి భాగానికి వేడిగాలి చాలు. లోపల గ్రీజు, సీలు ఉన్నాయి. మోడల్-టి అయితే కర్ర ఆకుల చక్రం ఏకంగా హబ్బుకే బిగించి ఉంటుంది, మంట చూపిస్తే ఆకులు మాడిపోతాయి. నట్టు వదులు చేసి కారును కొంతదూరం అటూ ఇటూ తిప్పితే హబ్బు ఊడుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ పద్ధతి నాకు గిట్టదు. టేపర్ వదిలిన మరుక్షణం కారు బరువునీ ఇంజను బలాన్నీ ఆ చిన్న కీ మోయాలి. కీ గాడి పాడైతే ఇరుసు, హబ్బు రెండూ మార్చాలి.

పెట్టెలో ఉన్న మూసిన నట్టు సంగతికి వస్తాను. దాన్ని ఇరుసు థ్రెడ్ మీద ఎక్కించి, పెద్ద సుత్తితో దాని తల మీద బాదమని సూచనల పత్రం చెబుతుంది. బాదితే హబ్బు వస్తుంది, నిజమే. దెబ్బ మాత్రం హబ్బుతో ఆగదు. ఇరుసు పొడవునా ప్రయాణించి లోపలి గేర్ల దగ్గర తేలుతుంది. మోడల్-టి వెనుక ఇరుసులో మొదట వేసిన థ్రస్ట్ వాషర్లు (పక్క తోపును ఆపే బిళ్లలు) బాబిట్ లోహంవి. అది మెత్తని మిశ్రమలోహం, వయసు మీరాక దానంతటదే పొడిగా రాలుతుంది. అలాంటి దాని మీద సుత్తి దెబ్బ వేస్తే ముక్కలు గేర్ల మధ్య పడతాయి. పైగా మోడల్-టి కాలి బ్రేకు గేరుపెట్టెలో ఉంటుంది, ఆ వాషర్లు పోతే వెనుక గేర్ల కలయిక తప్పి బ్రేకూ లేకుండా పోవచ్చు. ఇంత మంచి పుల్లర్ ఇచ్చినవాళ్లు దాని పక్కనే ఈ వస్తువు పెట్టడం నాకు బాధ కలిగించింది. కొన్నవాళ్లు దాన్ని తీసి పక్కన పడేయండి. స్క్రూ తల మీద నేను చెప్పిన ఒక్క దెబ్బకూ దీనికీ తేడా ఉంది. అక్కడ పుల్లర్ హబ్బును ముందుకు లాగుతూ ఉంటుంది, చిన్న అదురు చాలు. ఇక్కడ పని మొత్తం దెబ్బే చేయాలి.

ఇప్పుడు పత్రం మౌనం వహించిన భాగం. ఇరుసు టేపర్‌నూ హబ్బు రంధ్రాన్నీ కిరసనాయిలుతో కడిగి, ఆరిపోయే ద్రావణంతో మరోసారి తుడిచి, వెలుగులో చూడాలి. వేలిగోటికి తగిలే గీతలు, తుప్పు గుంటలు, కీ గాడి మూలల్లో సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. పగులు కనిపిస్తే ఇక ఆలోచించేది లేదు, ఇరుసు మార్చవలసిందే. మోడల్-ఎలో హబ్బును నిలిపేది ఈ ఇరుసు కొసే. అది విరిగితే చక్రం, డ్రమ్ము కలిసి బయటికి పోతాయి, ఆ చక్రం మీది బ్రేకూ వాటితోనే పోతుంది.

తర్వాత కీ తీసేసి, టేపర్ మీద ప్రష్యన్ బ్లూ (స్పర్శ చూపే నీలిరంగు ముద్ద) పలచగా, నీలం కింద లోహం మెరుపు కనిపించేంత పలచగా పూయాలి. హబ్బును తిన్నగా ఎక్కించి, అరచేత్తో ఒకసారి నొక్కి, తిప్పకుండా వెనక్కి తీయాలి. హబ్బు లోపల నీలం ఎక్కడ అంటిందో అదే అసలు స్పర్శ. నాలుగింట మూడు వంతులు అంటితే నాకు తృప్తి. అంతకంటే తక్కువైనా, టేపర్ లావు వైపున చుట్టూ తెగకుండా అంటితే పని నడుస్తుంది. సన్న కొస వైపు మాత్రమే అంటి, లావు వైపు ఖాళీగా ఉంటే మాత్రం ఒప్పుకోను. అలాంటి హబ్బు నట్టు ఎంత బిగించినా లోపల ఊగుతూనే ఉంటుంది. కీ గాడి దగ్గర పగులుకు అదే మొదలు.

స్పర్శ చాలకపోతే సన్నరకం గ్రైండింగ్ పేస్టు కొద్దిగా రాసి, హబ్బును చేతితో అటూ ఇటూ చిన్న చిన్న మలుపులు తిప్పుతూ, మధ్యలో ఎత్తి చోటు మారుస్తూ అరగదీయవచ్చు. కవాటాలను సీటుకు అరగదీసే పద్ధతే ఇది. ఎక్కువ చేయకూడదు. 1:8 టేపర్‌లో వ్యాసం ఎనిమిదో వంతు మిల్లీమీటరు తగ్గితే హబ్బు ఏకంగా 1 మిల్లీమీటరు లోపలికి జరుగుతుంది. జరిగినకొద్దీ డ్రమ్ము, బ్రేకు షూలను మోసే వెనుక పలక దగ్గరికి వెళ్లి రాసుకుంటుంది. అంతగా అరిగిన వాటికి టేపర్ మీద తొడిగే పలచని ఉక్కు షిమ్ములు దొరుకుతాయి. ఒక్కటి వేస్తే సరిపోవాలి. ఒకదాని మీద ఒకటి వేయవలసిన పరిస్థితి వచ్చిందంటే ఆ హబ్బుకో ఇరుసుకో కాలం తీరినట్టే. పేస్టు వాడాక దాని రవ్వ కూడా మిగలకుండా కడగాలి. ముఖ్యంగా కీ గాడి మూలల్లో, బేరింగు వైపు.

కీ విషయంలో చాలామంది గమనించనిది ఒకటి ఉంది. కీ పక్కలు గాడికి బిగుతుగా ఉండాలి, పైభాగం మాత్రం హబ్బు గాడి కప్పుకు తగలకూడదు. తగిలితే హబ్బు కీ మీద ఎక్కి కూర్చుంటుంది, టేపర్ పట్టదు. నట్టు బిగుసుకున్నట్టే ఉంటుంది, టార్క్ రెంచి కూడా క్లిక్ అంటుంది. అయినా లోపల పట్టు లేదు. నేను కీ వేయకుండా ఒకసారి, వేసి ఒకసారి హబ్బును ఎక్కించి, ఇరుసు కొస ఎంత బయటికి వస్తున్నదో డెప్త్ గేజ్‌తో కొలుస్తాను. రెండు కొలతలూ ఒకటే కావాలి. కీ వేశాక హబ్బు తక్కువ దూరం వెళితే కీ పైభాగాన్ని ఆకురాయితో కొంచెం తగ్గిస్తాను.

టేపర్‌కు గ్రీజు రాయాలా వద్దా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. రాస్తే ఈసారి సులువుగా ఊడుతుందని కొందరంటారు. నేను పొడిగానే ఎక్కిస్తాను. నూనె ఉన్న టేపర్ మీద అదే టార్క్‌కు హబ్బు ఇంకా పైకి ఎగబాకుతుంది. హబ్బు లోపలి నుంచి విచ్చుకునే ఒత్తిడి పెరుగుతుంది. పాత హబ్బులకు కీ గాడి మూల దగ్గర ఆ ఒత్తిడి మంచిది కాదు. గ్రీజు, నూనె ఏదైనా ఉంటే అది నట్టు థ్రెడ్ మీద ఒక చుక్కే.

మోడల్-ఎ వెనుక నట్టుకు సాధారణంగా వాడే టార్క్ 100 ఫుట్-పౌండ్లు. స్ప్లిట్ పిన్ రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించాలి. రంధ్రం కోసం నట్టును వెనక్కి తిప్పడం ఎప్పుడూ చేయకూడదు. తిప్పితే అంతవరకు చేసిన పనికి విలువ లేదు. పిన్ను కొత్తదే వేయాలి. కొంతదూరం నడిపాక పిన్ను తీసి మళ్లీ టార్క్ పెట్టి చూడాలి. చాలాసార్లు నట్టు ఇంకొంచెం ముందుకు వెళుతుంది, టేపర్ అప్పటికి పూర్తిగా కూర్చుంటుంది కాబట్టి. ఇక కదలదు అనేవరకు ఇది చేయాలి. ఇంత ముఖ్యమైన విషయం రాయడానికి ఆ పత్రంలో వెనుకవైపు పేజీ మొత్తం ఖాళీగా ఉంది.

ముందు హబ్బులకు ఈ సెట్‌తో పనిలేదు. అవి బేరింగుల మీద తిరుగుతాయి, నట్టు తీస్తే చేతికి వస్తాయి. అక్కడ టేపర్ రోలర్ బేరింగులుంటే వెనుక నట్టుకు చెప్పిన నియమం తలకిందులవుతుంది. చక్రం తిప్పుతూ నట్టును బిగించి, రోలర్లు కూర్చున్నాక వెనక్కి వదలాలి. లోపలికీ బయటికీ కొద్దిపాటి ఆట ఉండాలి. చాలా కార్లకు అది 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు, కచ్చితమైన అంకె ఆ కారు పుస్తకంలో చూసుకోవాలి. ఇక్కడ పిన్ను రంధ్రం కోసం వెనక్కే తిప్పాలి. రెండు బేరింగుల మధ్య కచ్చితమైన స్పేసర్ గొట్టం ఉన్న కార్లలో పద్ధతి వేరు, వాటికి నట్టు పూర్తి టార్క్‌తోనే బిగించాలి. ఏది ఏ రకమో చూడకుండా పానా పట్టకూడదు.

తీగల చక్రాలు, నడుమ ఒకే పెద్ద నట్టు ఉన్న రడ్జ్-విట్‌వర్త్ తరహా హబ్బులైతే ఎడమవీ కుడివీ కలపకూడదు. కారుకు ఎడమవైపు మామూలు థ్రెడ్, కుడివైపు ఎడమచేతి థ్రెడ్ ఉండటం ఆ తరహాలో రివాజు. అటుది ఇటు వేస్తే కారు నడుస్తున్నకొద్దీ నట్టు దానంతటదే వదులై చక్రం ఊడిపోతుంది. హబ్బు తీయగానే దాని మీద సుద్దతో వైపు రాసి పెట్టుకోవడం నా పద్ధతి. ఈ సెట్లో ఉన్న రింగులన్నీ మామూలు థ్రెడ్‌వే, కాబట్టి అలాంటి కారున్నవాళ్లు దీన్ని కొనవద్దు. ఆ హబ్బుకే తయారుచేసిన పుల్లర్ వేరే తీసుకోవాలి.

ఇంకా చిన్న లోపాలు ఉన్నాయి. రింగుల మీద థ్రెడ్ కొలత చెక్కలేదు, కాగితపు చీటీ అంటించారు. గ్రీజు చేయి తగిలితే అది ఊడిపోతుంది. నేను అంకెల పంచ్‌తో ఒక్కోదాని మీద కొట్టుకున్నాను. స్క్రూ తల షడ్భుజం అంచులు కొంచెం మెత్తగా ఉన్నాయి. ఆరు ముఖాలనూ పట్టుకునే సాకెట్ వాడితే నిలుస్తాయి, పన్నెండు మూలల సాకెట్ అయితే గుండ్రంగా అరిగిపోతాయి.

మోడల్-ఎ, మోడల్-టి రెండూ చూసుకునేవాళ్లకు ఈ సెట్ ఒక్కటే చాలు. మరో కారు కోసం తీసుకునేటట్లయితే ఆర్డరు పెట్టేముందు హబ్బు మూత విప్పి, థ్రెడ్ బయటి వ్యాసాన్ని కాలిపర్‌తోనూ, అంగుళానికి ఎన్ని చుట్లున్నాయో పిచ్ గేజ్‌తోనూ కొలిచి రాసుకోండి. అరిగిన థ్రెడ్ వ్యాసం తక్కువ చూపిస్తుంది కాబట్టి రెండు హబ్బులనూ కొలవండి. మూత లోపలి థ్రెడ్‌ను కూడా కొలిచి సరిచూడండి. ఆ రెండంకెలూ అమ్మేవాళ్లకు పంపి, వాటికి సరిపడే రింగు ఉందని రాతపూర్వకంగా జవాబు వచ్చాకే కొనండి.